పువ్వు రావలసిన చోట ఆకు

2023 మార్చి. జిల్లాలను కొత్తగా విడగొట్టి ఏడాది కావస్తోంది. మార్కాపురం జిల్లా అవుతుందని మేమంతా ఆశపడ్డాం, అప్పటికి కాలేదు. చుట్టూ కొన్ని ముక్కలు పోయి, కొత్త ప్రకాశం జిల్లాలో మేము మునుపటిలాగే ఒంగోలుకు దూరంగా మిగిలిపోయాం. నేను చెప్పబోయే కేసుకు ఈ సంగతితో పని లేదు. అయినా చెప్పకుండా ఉండలేను.

నేను మార్కాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పేవాణ్ణి. ఎన్నేళ్లయినా కాంట్రాక్టు అధ్యాపకుణ్ణే. మాకున్నది ఒకే గది. అందులోని రెండు మంచి బల్లలను కెమిస్ట్రీ వాళ్లు పరీక్షల కోసమని తీసుకెళ్లి తిరిగి ఇవ్వలేదు. అడిగినప్పుడల్లా నవ్వేవారు. నేను అడగడం మానలేదు. అయితే ఆ గదికి పడమటి వైపు ఒక కిటికీ ఉండేది, దాన్ని ఎవరూ ఎత్తుకుపోలేకపోయారు. మధ్యాహ్నం దాటితే అందులోంచి నల్లమల కొండలు, ఉతికి ఆరేసిన పాత నీలం గుడ్డలా లేతగా కనిపించేవి. క్లాసులు లేని వేళల్లో నేను ఆ కిటికీ దగ్గర మైక్రోస్కోప్ పెట్టుకుని, ఏదో ఒక ఆకు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒక కణం నుంచి ఇంకో కణానికి, ఒక గోడ నుంచి ఇంకో గోడకు చూపు జరుగుతూ పోతుంటే కాలేజీ గంట కూడా వినపడేది కాదు.

అట్లా కూర్చున్న ఒక మధ్యాహ్నం గురవారెడ్డి వచ్చాడు. యర్రగొండపాలెం దారిలో వాళ్ల ఊరు. వాళ్లమ్మాయి నా దగ్గర చదువుకుంది. తువ్వాలులో చుట్టి తెచ్చిన నువ్వు మొక్కలను బల్ల మీద పరిచి, నిలబడే ఉన్నాడు.

"కూర్చో గురవారెడ్డీ."

"కూర్చుంటాలే సారూ. వ్యవసాయం ఆఫీసుకు పోయినా. ఆడ ఒక సారు మందు పేరు చెప్పినాడు. ఇంకో మాట అడిగితే, అట్లాంటివి కాలేజీలో ఒకాయన ఉండాడు, ఆకు చూసి జాతకం చెప్తాడు, ఆయన్ని అడుగు పో అన్నాడు."

ఆ మాట అన్నదెవరో నాకు తెలుసు. అంతకు కొన్నేళ్ల ముందు ఒక రైతుల సభలో నేను లేచి మాట్లాడబోతే, "మీది పుస్తకాల బోటనీ, మాది పొలం" అని మైకు లాక్కున్న మనిషే. నేను కూర్చోబోతే నా కుర్చీలో అప్పటికే ఇంకెవరో ఉన్నారు. ఆ సభ అయ్యేదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాను. సరే, ఆ సంగతి అట్లా ఉంచుతాను.

మొక్కలను చూశాను. ఒకటి మంచిది, బాగానే పూసింది. మిగతావాటి కింది భాగం మామూలుగానే ఉంది. పైకి వెళ్లేకొద్దీ కొమ్మలు గుబురుగా, కణుపులు దగ్గర దగ్గరగా, ఆకులు పిల్లి చెవుల్లా చిన్నగా ఉన్నాయి. తెల్లటి గంటల్లా పూలు వేలాడవలసిన చోట ఆకుపచ్చని కుచ్చులు ఉన్నాయి. ఒక్క కుచ్చు విప్పి చూస్తే పువ్వు లెక్క అంతా సరిగ్గానే ఉంది. రక్షక పత్రాలు, రేకులు, కేసరాలు, మధ్యలో అండాశయం, దేని వరుసలో అది ఉంది. కానీ అన్నీ ఆకులే. పువ్వు తనను తాను ఆకులతో కలగన్నట్టుంది.

"ఇది వెర్రి తెగులు," అన్నాను. పుస్తకాల్లో దీన్ని ఫిల్లోడి అంటారు, పువ్వు ఆకుగా మారడమని అర్థం.

"తెగులు పేరు మాకు తెలుసు సారూ. నేను అడగొచ్చింది అది కాదు." గొంతు తగ్గించాడు. "ఇది చేతి వల్ల వస్తదా?"

అప్పుడు కూర్చున్నాడు. చెప్పిన సంగతి ఇది. వాళ్ల ఊళ్లో ఓబులమ్మ అని ఒక ముసలామె ఉంది. ఆమె చెయ్యి మంచిదని ఊరంతటికీ నమ్మకం. ఏ పంటైనా మొదటి పిడికెడు విత్తనం ఆమె చల్లవలసిందే. పసుపు కుంకుమ తీసుకుని ఇంటికి వెళ్లి పిలుచుకొస్తారు. ఆమె వచ్చి ఈశాన్యం మూల నిలబడి, ఇసుకతో కలిపిన నువ్వులు ఒక పిడికెడు చల్లుతుంది. ఆ తర్వాతే మిగతావాళ్లు చేనులోకి దిగుతారు. ఆ ఏడాది ఆమె ముహూర్తం చేసిన మూడు చేలల్లో వెర్రి తెగులు వచ్చింది. మూడింటిలోనూ సరిగ్గా ఆమె చల్లిన మూలలోనే మొదలైంది.

"అవ్వ చెయ్యి పోయిందంటున్నారు సారూ. వానలు పడితే కంది వేయాల. ఈసారి అవ్వను పిలవొద్దని మాట్లాడుకుంటున్నారు. ఆమెకు ఎవరూ లేరు. పిలుపే ఆమెకు ఉన్నది. ఇప్పుడు వీధిలోకి కూడా రావడం లేదు."

"నువ్వేమనుకుంటున్నావు?"

"నాకు తెలీదు సారూ. మా పెండ్లికి బియ్యం పోసింది ఆ చెయ్యే. చెడ్డదంటే నోరు రాదు. చేను చూస్తే మాత్రం బెదురైతాది."

చేతితో సంబంధం లేదని అప్పుడే చెప్పి పంపవచ్చు. కానీ నా మాటను ఆ ఊళ్లో ఎవరు లెక్కచేస్తారు? ఊరికే చెప్పిన మాటకు నా జీవితంలో ఎక్కడా విలువ దక్కలేదు. కంటికి చూపించాలి. మొక్కలు ఉంచమని, ఆదివారం వాళ్ల ఊరు వస్తానని చెప్పాను.

ఆకు మీది కణాలు చూడడానికి మాకు ఒక చిన్న ఉపాయం ఉంది. రంగు లేని గోళ్లరంగును ఆకు మీద పల్చగా పూసి ఆరనిస్తే పొర కడుతుంది. దాన్ని జాగ్రత్తగా లేపితే, ఆకు పైపొర కణాలు ఒక్కొక్కటీ ఆ పొర మీద అచ్చుపడి ఉంటాయి. పైపొరను ఎపిడెర్మిస్ అంటారు. బజారులో ఫ్యాన్సీ షాపుకు వెళ్లి రంగు లేని గోళ్లరంగు అడిగాను.

"మేడమ్ గారికా సార్?"

"కాదు, నాకే."

ఆ మాట నాకంటే ముందు కాలేజీకి చేరింది. మర్నాడు కెమిస్ట్రీ ఆయన నన్ను ఆపి, "ఏదీ, చేతులు చూపించండి సార్" అన్నాడు. చూపించాను. ఆ తర్వాత మా బల్లలు ఎప్పుడిస్తారని అడిగాను.

మంచి నువ్వు పువ్వు నుంచి ఒక రేకు, వెర్రి పువ్వు నుంచి ఒక ఆకుపచ్చ రేకు తీసుకుని, రెండింటి మీదా రంగు పూసి ఆరబెట్టాను. కిటికీలోంచి ఎండ మైక్రోస్కోప్ అద్దం మీద పడుతోంది.

మొక్క కణానికి కాళ్లు లేవు. పుట్టిన చోటనే బతకాలి. అది చేయగలిగిందల్లా ఒక రూపం తీసుకోవడమే. దాని చుట్టూ గట్టి గోడ ఉంటుంది. ఆ గోడ ఏ పక్క మెత్తబడితే కణం ఆ పక్కకు సాగుతుంది. ఎటు మెత్తబడాలి, ఎంత సాగాలి, ఎక్కడ ఆగాలి, ఇవన్నీ లోపలి జీన్లు చెప్తాయి. ఆకు మీది కణాలు అంచులు వంకరలు తిరిగి, ఒకదాని వంపులో ఇంకొకటి దూరి, పిల్లలు పేర్చే బొమ్మముక్కల్లా కలిసిపోయి ఉంటాయి. మధ్యమధ్య రెండు పెదవుల్లాంటి కణాలు ఉంటాయి. అవి స్టొమాటా, మొక్క ఊపిరి తీసుకునే రంధ్రాలు. పువ్వు రేకు కణాలు అట్లా ఉండవు. ఒక్కొక్కటీ చిన్న గోపురంలా పైకి లేచి ఉంటుంది. వెలుగు ఆ గోపురాల మీద పడి లోపలికి జారుతుంది. రేకును తాకితే మఖమల్‌లా ఉండేది, ఎండలో మెరిసేది ఆ గోపురాల వల్లనే. తేనెటీగ కాలికి పట్టు దొరికేదీ వాటి మీదనే.

మంచి రేకు అచ్చులో ఆ గోపురాలు గుంటలుగా పడ్డాయి. వరుసలు వరుసలుగా, తొలి చినుకులకు ఇసుక మీద పడ్డ గుంటల్లా ఉన్నాయి. ఎంతసేపు చూశానో తెలియదు. తర్వాత వెర్రి రేకు అచ్చు పెట్టాను. గుంటలు లేవు. వంకర అంచుల బొమ్మముక్కలు, మధ్యమధ్య ఊపిరి రంధ్రాలు. రేకు ఉండవలసిన చోటనే పుట్టి, రేకు వరుసలోనే నిలబడి, ఒంటి నిండా ఆకు కణాలు తొడుక్కుంది.

ఇట్లా ఎందుకవుతుందో చదివే రోజుల్లో తెలిసినప్పుడు నాకు కొన్ని రోజులు నిద్ర సరిగా పట్టలేదు. పువ్వులోని ప్రతి భాగమూ మొదట్లో ఆకు కాగలిగినదే. కొన్ని జీన్లు కలిసి తెరుచుకుంటే అది రేకవుతుంది, ఇంకొన్ని కలిస్తే కేసరమవుతుంది. ఆ జీన్ల మాట చెల్లకుండా చేస్తే మళ్లీ ఆకుగానే మిగిలిపోతుంది. వెర్రి తెగులులో ఆ మాటను చెల్లకుండా చేసేది ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి. బాక్టీరియా జాతిది, కానీ చుట్టూ గోడ కూడా లేనంత అల్పమైనది. మొక్కలో తీపి రసం పారే సన్నటి గొట్టాల్లో ఉంటుంది. అట్లాంటి కొన్ని జీవులు వదిలే ఒక ప్రొటీన్, పువ్వును చేసే ప్రొటీన్లనే నాశనం చేయిస్తుందని పరిశోధకులు తేల్చారు. దాన్ని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోసేది దీపపు పురుగు, సాయంత్రం లైటు చుట్టూ ముసిరే బియ్యపుగింజంత ఆకుపచ్చ పురుగు. మనిషి చెయ్యి ఇందులో ఎక్కడా లేదు.

ఆదివారానికి మైక్రోస్కోప్ కావాలని ప్రిన్సిపాల్‌ను అడిగాను. ఫోను నుంచి తల ఎత్తకుండా, "తీసుకుపోండి, బోటనీ ఎట్లాగూ మూసేదే కదా" అన్నాడు. ఇవ్వనని అన్నా అంత బాధపడేవాణ్ణి కాదు. కరెంటు అక్కర్లేని పాత మైక్రోస్కోప్, ఎండ ఉంటే చాలు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఓబులమ్మ ఇంటి ముందు పలకరాయి పరిచిన అరుగు ఉంది. ఆమె అక్కడ కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఎవరు గురవా, ఈయన?"

"కాలేజీ సారు అవ్వా. మన నువ్వు చేను సంగతి చూసేదానికి వచ్చినాడు."

"చేను చూసేదానికి నా ఇంటికేంది?"

"పెద్దమ్మా, ఆ తెగులుకూ నీ చేతికీ సంబంధం లేదని చెప్పడానికి వచ్చాను," అన్నాను.

"నా చెయ్యి సంగతి నాకు చెప్పేదానికి మార్కాపురం నుంచి వచ్చినావా? పోయి ఊరికి చెప్పు."

నాకు తెలిసిందంతా చెప్పాను. సూక్ష్మజీవి గురించి, పురుగు గురించి, జీన్ల గురించి వీలైనంత తేలిక మాటల్లో చెప్పాను. ఆమె గింజలు తీస్తూనే వింది. అంతా అయ్యాక చేతులు దులుపుకుంది.

"పురుగు అంటివి. రెక్కలుండే పురుగు. చేనంతా దానిదే. అట్లాంటప్పుడు మూడు చేలల్లోనూ నేను చల్లిన మూలలోనే యాల దిగింది? నా మొగం చూసి దిగిందా?"

అన్నేళ్లు పాఠం చెప్పాను గానీ ఆ తెగులు చేనులో ఏ మూల మొదలవుతుందని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. కానీ జవాబు లేకుండా తిరిగి బస్సెక్కే మనిషిని కాను. మైక్రోస్కోప్‌ను ఆమె అరుగు మీదే ఉంచి, గురవారెడ్డితో చేనుకు వెళ్లాను.

పొద్దు ఇంకా ఎక్కలేదు. నువ్వు చేను పూత మీద ఉంది. తెల్లటి గంటలు లేత గులాబీ గొంతులతో కిందికి చూస్తున్నాయి. కొన్ని రాలి సాళ్ల మధ్య బోర్లా పడి ఉన్నాయి. గాలికి చేనంతా ఒక్కసారి వంగి లేచేది. ఆ చప్పుడులో తేనెటీగల రొద దూరంగా ఎవరో నిద్రలో గొణిగినట్టుండేది. నడుస్తుంటే నేను ఎందుకొచ్చానో కాసేపు మరిచిపోయాను.

ఈశాన్యం మూలకు వచ్చేసరికి తెల్లటి పూలు ఆగిపోయాయి. అక్కడంతా ఆకుపచ్చ కుచ్చులే. అక్కడి నుంచి లోపలికి నడుస్తూ చూశాను. దగ్గర్లో వెర్రి మొక్కలు చాలా ఉన్నాయి, ముందుకు పోయేకొద్దీ తగ్గాయి, అవతలి గట్టు దగ్గర ఎక్కడో ఒకటి. తెగులు ఆ మూల నుంచే పారింది, నిజమే. మళ్లీ వెనక్కి వచ్చి ఆ మూలను కిందికి చూశాను. మిగతా చేనులో మొక్కకూ మొక్కకూ మధ్య జానెడు ఖాళీ ఉంది. నువ్వు మొలిచాక ఒత్తుగా ఉన్నవి పీకేసి పలుచన చేస్తారు. ఈ మూల మాత్రం మొక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. మధ్యలో కలుపు మోకాలెత్తు పెరిగింది. మొక్కలను చేత్తో కదిలిస్తే దీపపు పురుగులు పొట్టు ఎగిరినట్టు లేచాయి.

గురవారెడ్డి భార్య లక్ష్మమ్మ పక్క సాలులో కలుపు తీస్తోంది. ఆమెను అడిగాను.

"ఈ మూల ఎందుకమ్మా ఇట్లా వదిలేశారు?"

"అవి అవ్వ చేతి మొక్కలు సార్. వాటి మీద మేం చెయ్యి వెయ్యం."

"పలుచన చెయ్యరా?"

"చెయ్యం."

"కలుపు?"

"కలుపు పీకితే పక్క మొక్క వేరు కదులుతది. అవ్వ చల్లింది కదిలించగూడదని మా అత్త చెప్పేది. కోత కూడా అవ్వనే వచ్చి కోసుకుంటది. కాయ లేనివి అట్లనే ఉండిపోతాయి."

"మిగతా చేనులో ఇట్లాంటి వెర్రి మొక్క కనపడితే ఏం చేస్తారు?"

"పీకి పారేస్తాం. కండ్లకు కనపడినాక ఊరకుంటామా?"

ఆ మాట అన్నాక ఆమె చేతిలోని కలుపు అట్లాగే పట్టుకుని మూల వైపు చూసింది. గురవారెడ్డి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

తెగులు సోకిన మొక్క మళ్లీ మంచిది కాదు. అది బతికినన్నాళ్లూ పురుగులకు విషం అందించే గిన్నెలా నిలబడి ఉంటుంది. కోత అయ్యాక కూడా అది పచ్చగానే ఉంటుంది కనుక ఎండాకాలమంతా పురుగులకు అదే ఇల్లు. చేనంతటా తొలి వెర్రి మొక్కలను పీకేశారు. ఒక్క మూలలో మాత్రం గౌరవం కొద్దీ వదిలేశారు. మిగతా రెండు చేలకూ వెళ్లి చూశాం. అక్కడా అంతే. ఆమె చేతి మీద ఏ ఇంట్లో ఎంత భక్తి ఉందో, ఆ ఇంటి చేనులో తెగులు అంత దట్టంగా ఉంది.

మేం తిరిగి వచ్చేసరికి అరుగు ముందు పదిమంది చేరారు. రెండో చేను ఆసామి సుబ్బయ్య కూడా ఉన్నాడు. చూసింది చూసినట్టు చెప్పాను.

"అంటే తప్పు మాదంటావు," అన్నాడు సుబ్బయ్య.

"తప్పు అనడం లేదు. కారణం చెప్తున్నాను."

"చేను కంటే అద్దం ఎక్కువ చూసే సార్లు చెప్తే ఇట్లనే ఉంటది." కొందరు నవ్వారు. ఆ నవ్విన మొహాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

"నన్నేమైనా అనుకోండి," అన్నాను. "ఆ మూల మొక్కలు ఈరోజే పీకి కాల్చేయండి. గట్ల మీద కలుపు తీసి, పురుగుకు మందు కొట్టండి. మిగతాది దక్కుతుంది."

అవ్వ చేతి మొక్కలను పీకేదెవరు? అందరూ ఓబులమ్మ వైపు చూశారు.

"నేను పీకను," అందామె. "నేను చల్లింది నేనే పీకితే నా చెయ్యి చెడ్డదని నేనే ఒప్పుకున్నట్టు. ఇన్నేండ్లు ఈ ఊరికి విత్తినా. ఊరి ముందర నా చేతికి నేనే మసి పూసుకోను."

నేను ఊహించనిది అది. కారణం దొరికితే చాలనుకున్నాను. ఆమెకు కారణం కాదు, చెయ్యి కావాలి. ఇంకేం చెప్పాలో తెలియక, మైక్రోస్కోప్‌ను ఎండలోకి జరిపి మంచి రేకు అచ్చు పెట్టాను.

"ఒక్కసారి చూడు పెద్దమ్మా. చూసినాక నీ ఇష్టం."

ఆమె ఒక కన్ను మూసుకోలేక, అరచేత్తో కప్పుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"ఏందివి, పుట్టగొడుగులా?"

"పువ్వు రేకు. నువ్వు వేసిన నువ్వుల్లో మంచి మొక్కది."

తర్వాత రెండోది పెట్టాను. మళ్లీ మొదటిది పెట్టమంది. మళ్లీ రెండోది. వెర్రి కుచ్చు ఒకటి చేతిలోకి తీసుకుని, వరసగా విప్పుతూ, "ఇది రేకు ఉండేకాడ ఉంది కదా?" అని అడిగింది. అవునన్నాను. "ఇది పుప్పొడి ఉండేకాడ?" అవునన్నాను.

"ఇది పువ్వు కావాలనే బయలుదేరింది సారూ," అంది నిదానంగా. "సగం దారిలో ఎవరో దాన్ని ఆకు చేసినారు."

"అంతే పెద్దమ్మా. విత్తనంలో పువ్వే ఉంది."

ఆమె ఆ కుచ్చును అరుగు మీద పెట్టి, సుబ్బయ్యను చూసింది.

"పీకుతా. అయితే ఊరకనే రాను. విత్తేటప్పుడు ఎట్ల పిలుస్తారో అట్లనే పిలవాల. మూడిండ్లోళ్లూ పసుపు కుంకుమ తెచ్చి పిలవాల. మా చేను బాగుచేసి పోమ్మా అని నోరు తెరిచి అడగాల. అట్లైతే వస్తా."

సుబ్బయ్య నసిగాడు. గురవారెడ్డి అప్పటికే లక్ష్మమ్మను పసుపు తెమ్మని పంపాడు.

నేను ఆ పూట అక్కడే ఉన్నాను. ఓబులమ్మ తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. మూల దగ్గర నిలబడి, విత్తేటప్పుడు చేసినట్టే తూర్పుకు దండం పెట్టి, మొదటి మొక్కను వేరుతో లాగింది. దాన్ని ఒక చూపు చూసి పక్కన పెట్టింది. ఆ తర్వాత మిగతావాళ్లు దిగారు. మూడు చేలల మొక్కలూ ఎండ తగ్గేలోపు మంటలోకి పోయాయి. పచ్చి నువ్వు మొక్కల పొగ లేతగా, నీలంగా లేచి కొండల వైపు సాగింది. కాసేపటికి కొండ ఏదో పొగ ఏదో తెలియలేదు.

ఆ పంటలో పోయింది పోయింది. తెగులు పక్క చేలకు పాకకుండా ఆగింది, ఉన్నంతలో గింజ దక్కింది. జూన్‌లో వాన పడ్డాక గురవారెడ్డి ఫోన్ చేశాడు. కంది విత్తడానికి అవ్వను పిలిచారు. మూడో చేను వాళ్లూ పిలిచారు. సుబ్బయ్య పిలవలేదు. నాకు కోపం వచ్చింది. కొన్ని వారాలకు ఆ ఊరు వెళ్లినప్పుడు, సుబ్బయ్య ఇంటికి పోయి నిలదీస్తానన్నాను. ఓబులమ్మ నన్ను అరుగు మీద నుంచి లేవనివ్వలేదు.

"పిలిచినోళ్ల కాడికి పోయినా. చల్లినా. వాళ్లకు చెప్పినా కూడా, నా మూల పలుచన చెయ్యాల్సింది నేనే, మొలిచినాక మళ్లీ పిలవండని. పిలిచినారు, పోయి చేసి వచ్చినా. సుబ్బడి సంగతి నీకేల సారూ? మజ్జిగ తాగు."

మజ్జిగ తాగాను. సుబ్బయ్యను మాత్రం మరిచిపోలేదు. ఆమె మరిచిపోయిందో, అసలు గుర్తు పెట్టుకోనే లేదో నాకు తెలియదు. తనకు రావలసిన మర్యాద ఏదో ఊరి ముందు మాటల్లో అడిగి తీసుకుంది, ఇంటికి పోయి నిద్రపోయింది. అడగడం నాకూ వచ్చు. అడిగాక నిద్రపోవడం రాదు.

నా వృత్తికి ఈ కేసు నేర్పింది వేరే ఉంది. ప్రతి కణంలోనూ మొక్క మొత్తానికి సరిపడా జీన్లు ఉంటాయి. ఏది తెరుచుకుంటుందో, ఏది మూతపడుతుందో కణం ఎక్కడ నిలబడింది, దాని దాకా ఏ కబురు వచ్చింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇది నేను ఏళ్ల తరబడి పాఠంగా చెప్పాను. కానీ ఎవరైనా తెగులు మొక్క తెస్తే దాన్ని బల్ల మీద పెట్టి లోపలికే చూసేవాణ్ణి. అది చేనులో ఎక్కడ నిలబడిందని అడిగేవాణ్ణి కాదు.

ఇప్పుడు ఎవరు ఏ మొక్క తెచ్చినా, మైక్రోస్కోప్ మూత తీయకముందే ఒక ప్రశ్న అడుగుతాను. "మీ చేనులో మీరు చెయ్యి వెయ్యని చోటు ఏది?" మందు పేరు అడగడానికి వచ్చిన మనిషి ఆ ప్రశ్నకు తడబడతాడు. అట్లాంటిదేమీ లేదంటాడు. కాసేపటికి అతని కళ్లు ఎక్కడికో పోతాయి, మనసులోనే గట్టు వెంబడి నడుస్తున్నట్టు. "ఒకటి ఉందిలే సారూ," అంటాడు. పాముల పుట్ట, లేకపోతే నాయనను పూడ్చిన చోటు, లేకపోతే ఎవరో వద్దన్నారని వదిలేసిన మూల. ప్రతి చేనులోనూ ఒకటి ఉంటుంది. అక్కడికి తీసుకుపొమ్మంటాను.